ఖాళీ గోడ వెనక

సభకు నమస్కారం.

ముందే ఒప్పుకోవలసిన సంగతి ఒకటుంది. ఇవాళ నేను మాట్లాడబోయే ప్రదర్శనకు నేను వెళ్లలేదు. 2023 ఫిబ్రవరి 10న ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో పదిహేడో శతాబ్దపు డచ్చి చిత్రకారుడు వెర్మీర్ చిత్రాల ప్రదర్శన మొదలైంది. జూన్ 4 వరకూ నడిచే ప్రదర్శనకు కొద్ది రోజుల్లోనే టిక్కెట్లన్నీ అయిపోయాయి. తర్వాత వేళలు పెంచినా చాలలేదు. చివరికి చూసినవాళ్లు ఆరున్నర లక్షల మంది. ఆ మ్యూజియంలో మరే ప్రదర్శనకూ అంతమంది రాలేదు. నేను మాత్రం ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, వాళ్లు అంతర్జాలంలో ఉంచిన బొమ్మలను పెద్దవి చేసుకుంటూ చూశాను. చూడగా చూడగా నా ధ్యాస బొమ్మల్లో ఉన్నవాటి మీద నుంచి లేనివాటి మీదకు మళ్లింది. ఇవాళ వాటి గురించే చెబుతాను.

వెర్మీర్ హాలెండులోని డెల్ఫ్ట్ పట్నంలో 1632లో పుట్టాడు, 1675లో అక్కడే పోయాడు. ఆయనవిగా ఇవాళ లెక్కకొచ్చే చిత్రాలు ముప్ఫై ఏడు దాటవు. వాటిలో 28 ఒక్కచోట చేరడం అంతకుముందు ఎన్నడూ జరగలేదు. న్యూయార్క్‌లోని ఫ్రిక్ సేకరణ అనే మ్యూజియం నుంచి మూడు వచ్చాయి. మామూలుగా అవి గడప దాటవు. అప్పుడు ఆ భవనానికి మరమ్మతులు జరుగుతుండేవి కాబట్టి కదిలాయి. ఇంటికి సున్నాలు వేయించేటప్పుడు సామాను పక్కింట్లో పెడతామే, అలాగన్నమాట.

ఇక పాలమ్మాయి బొమ్మ. పేరు అలా స్థిరపడింది గానీ ఆమె పాలమ్మే మనిషి కాదు, వంటింట్లో పనిమనిషి. బొమ్మ 45 సెంటీమీటర్ల ఎత్తు, 41 వెడల్పు, అంతే. రవిక చేతులు పైకి మడుచుకుని, తల వంచి, మట్టి కూజాలోంచి గిన్నెలోకి పాలు వంపుతోంది. సన్నని ధార. బల్ల మీద రొట్టెలు, వాటి పెంకు మీద తెల్లని రంగు చుక్కలు, ఉప్పు కళ్లు చల్లినట్టు. ఆమె కట్టుకున్న నీలం గుడ్డలోని రంగు అఫ్ఘానిస్తాన్ గనుల్లో దొరికే రాయిని నూరి చేసినది. ఆ రోజుల్లో చాలా ఖరీదైన రంగు. దాన్ని తెచ్చి పనిమనిషి నడుముకు చుట్టాడు. ఆమె వెనక బోసి గోడ.

ప్రదర్శనకు ముందు ఈ బొమ్మను యంత్రాలతో పొరపొరా పరీక్షించారు. ఆమె తల వెనక గోడకు ఒక చెక్క, దానికి వేలాడే కూజాలు బయటపడ్డాయి. కింద కుడివైపు ఒక బుట్ట ఉంది. నిప్పు పెట్టి పసిపిల్లల గుడ్డలు ఆరబెట్టుకునే రకం. రెండూ వేసింది వెర్మీరే, కప్పేసిందీ వెర్మీరే. బుట్ట ఉన్న చోట కాళ్లు కాచుకునే చిన్న కుంపటి వచ్చింది. కూజాల చోట ఉత్త గోడ మిగిలింది. ఉత్తదని అన్నాను గానీ, దగ్గరికి వెళ్లి చూడండి. ఒక మేకు కొట్టి ఉంది, దాని నీడ పక్కనే పడింది. ఊడదీసిన మేకుల తాలూకు చిల్లులు కూడా ఉన్నాయి. అన్ని కూజాలను తీసేసినవాడు ఆ మేకును మాత్రం ఉంచుకున్నాడు. నాకు ఈ బొమ్మలో పాలధార తర్వాత అంత ఇష్టమైనది ఆ మేకే.

ఇప్పుడు దీనికి సరిగ్గా ఎదురు కథ. జర్మనీలోని డ్రెస్డెన్‌లో, తెరిచిన కిటికీ దగ్గర ఉత్తరం చదువుకుంటున్న అమ్మాయి బొమ్మ ఉంది. 1742లో అక్కడికి చేరినప్పుడు అది మరో డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ వేసిందనుకున్నారు. అమ్మాయి వెనక పెద్ద ఖాళీ గోడ. ఆ ఖాళీలోని మౌనం గురించి, ఏకాంతం గురించి పెద్దలు ఎంత రాశారో చెప్పలేను. 1979లో ఎక్స్‌రే తీస్తే గోడ మీద విల్లు పట్టుకున్న మన్మథుడి చిత్రపటం కనిపించింది. వెర్మీరే కప్పేసి ఉంటాడని ఊరుకున్నారు. 2017లో శుభ్రం చేయడం మొదలుపెట్టాక తేలింది: అసలు రంగుకూ పైపూతకూ మధ్య మురికి పొర ఉంది. మురికి పట్టాలంటే ఏళ్లు పడుతుంది. అంటే ఆ పూత వెర్మీర్ పోయాక ఎవరో పూసినది! సూక్ష్మదర్శినిలో చూస్తూ చిన్న కత్తితో గీకి గీకి తీశారు. 2021కి మన్మథుడు పూర్తిగా బయటికి వచ్చాడు. ఆమ్‌స్టర్‌డామ్‌కూ వచ్చాడు.

మనసులో మాట చెప్పనా? నాకు పాత ఖాళీ గోడే బాగుండేది. మన్మథుడు వచ్చాక అది ప్రేమలేఖ అని ఎవరో చెవిలో అరిచినట్టుంది. కానీ నా ఇష్టానికి విలువేమిటి? వెర్మీర్ వేసింది అది. నేను ఇన్నాళ్లూ మెచ్చుకున్న మౌనం ఎవరో అనామకుడి సున్నంపూత.

వేణువు పట్టుకున్న అమ్మాయి బొమ్మ గురించి పేచీ కూడా ప్రదర్శనకు ముందే వచ్చింది. ఇది వెర్మీర్ వేసింది కాదని, దాన్ని దాచుకున్న వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ 2022లో ప్రకటించింది. రైక్స్ మ్యూజియం ఒప్పుకోలేదు. వెర్మీర్ పేరుతోనే గోడకు తగిలించింది. సొంత ఇంట్లో కాదన్న పిల్లకు చుట్టాల ఇంట్లో పెద్దపీట.

వెర్మీర్ ఇంట్లోనే వెర్మీర్ బొమ్మ లేని రోజు కూడా ఒకటుంది. 1663లో మోంకోనీ అనే ఫ్రెంచి యాత్రికుడు డెల్ఫ్ట్ వెళ్లి ఆయనను కలిశాడు. చూపించడానికి చిత్రకారుడి దగ్గర ఒక్క బొమ్మా లేదు. ఊళ్లో రొట్టెలు కాల్చే ఆయన దగ్గర ఒకటి ఉంది. ఆ రొట్టెలాయన దాన్ని ఆరు వందల లివర్లు, అంటే అప్పటి ఫ్రెంచి డబ్బు, పోసి కొన్నాడట. ఒక్క మనిషి ఉన్న బొమ్మకు అంతా అని యాత్రికుడు దినచర్యలో విసుక్కున్నాడు. పన్నెండేళ్ల తర్వాత వెర్మీర్ అప్పుల్లో కన్నుమూశాడు. పదకొండు మంది పిల్లలతో భార్య కాతరీనా మిగిలింది. రొట్టెల బాకీ ఆరు వందల గిల్డర్లు (అప్పటి డచ్చి డబ్బు) దాటింది. దానికి మరో రెండు చిత్రాలు ఒక రొట్టెల వ్యాపారి దగ్గరికి వెళ్లాయి. పాలమ్మాయి బల్ల మీది రొట్టెలను ఈ సంగతి తెలిశాక చూడటం వేరు.

ఆ డెల్ఫ్ట్ మరీ పరాయి ఊరేమీ కాదు. మన మచిలీపట్నంలో కోఠీ పెట్టి అద్దకం బట్టలు కొనుక్కుపోయిన డచ్చి కంపెనీకి ఆరు శాఖలుండేవి. అందులో ఒకటి డెల్ఫ్ట్‌లోనే.

వెర్మీర్ వేసిన ముత్యపు పోగు అమ్మాయిని అందరూ ఎరుగుదురు. ఆమె ప్రదర్శన మొత్తం ఉండలేదు. మార్చి నెలాఖరుకే హేగ్‌లోని సొంత మ్యూజియానికి వెళ్లిపోయింది. ఏప్రిల్‌లో వెళ్లినవాళ్లకు ఆమె లేని ప్రదర్శనే దక్కింది. వెర్మీర్‌దే 'కచేరి' అనే బొమ్మ సంగతి వేరు, దాన్ని ఎవరూ అరువు అడగలేరు. 1990 మార్చి 18 తెల్లవారుజామున బోస్టన్‌లోని గార్డ్‌నర్ మ్యూజియంలోకి ఇద్దరు పోలీసు దుస్తుల్లో వచ్చి, కాపలావాళ్లను కట్టేసి, 13 వస్తువులు పట్టుకుపోయారు. అందులో ఇదీ ఉంది. ఇప్పటికీ దొరకలేదు. తన ఇంట్లో అమరిక మార్చకూడదని ఆ మ్యూజియం కట్టించిన ఇసబెల్లా గార్డ్‌నర్ వీలునామాలో రాసింది. అందుకని దాని ఫ్రేము ఇంకా అక్కడే ఉంది, బొమ్మ లేకుండా. జనం దాని ముందు కూడా ఆగుతున్నారు.

ఇక దీపాలు ఆర్పమంటాను. తెర మీద మొదట వచ్చేది పాలమ్మాయి. అయితే ఆమె ముఖం కాదు, వెనక గోడ. పైన ఆ మేకు ఎక్కడుందో మీరే వెతకండి.