అయ్యో పాపం

నమస్కారం. రేడియోలో ఒక సుఖం ఉంది. మాట్లాడే మనిషి ముఖం వినేవాళ్లకు కనబడదు. నా ఎడమ చెంప మీద కంటి కింద నుంచి దవడ దాకా ఎర్రటి మచ్చ ఉంది. పుట్టుకతో వచ్చింది. నొప్పి లేదు, ఏ పనికీ అడ్డం రాదు. అయినా బస్సులో పక్కన కూర్చున్న పెద్దావిడ రెండు స్టాపులు దాటకముందే అడుగుతుంది: "అయ్యో పాపం, పెళ్లయిందా అమ్మా?"

మన భాషలో చేసిన తప్పుకూ పాపమే, జాలికీ పాపమే. ఆ రెంటికీ ఒకే మాట ఉండటం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

ఈమధ్య పాపం పోయి స్ఫూర్తి వచ్చింది. "మిమ్మల్ని చూస్తే ఎంత ధైర్యం వస్తుందో మేడమ్" అంటారు. నేను చేసిందల్లా రైతుబజారుకెళ్లి వంకాయలు కొనుక్కురావడం.

ఈ సంగతిని ఆస్ట్రేలియా జర్నలిస్టు స్టెల్లా యంగ్ చెప్పినంత సూటిగా ఇంకెవరూ చెప్పలేదనిపిస్తుంది నాకు. ఎముకలు తేలిగ్గా విరిగే జబ్బుతో పుట్టింది, చక్రాల కుర్చీలో తిరిగేది, స్టేజీ ఎక్కి జనాన్ని నవ్వించేది. ఆమెకు పదిహేనేళ్లప్పుడు ఊళ్లోవాళ్లెవరో వచ్చి, అమ్మాయి పేరు అవార్డుకు పంపుతామన్నారట. "మంచిదే, కానీ మా పిల్ల ప్రత్యేకంగా సాధించిందేమీ లేదే" అన్నారు అమ్మానాన్నలు. నిజమే. బడికి వెళ్లేది, అమ్మ సెలూన్‌లో పని చేసేది, టీవీ చూసేది. 2014లో సిడ్నీలో మాట్లాడుతూ తనే చెప్పింది ఇదంతా. మెట్ల వంక చూసి ఎంత నవ్వినా అవి ర్యాంపుగా మారవని కూడా అంది. అదే ఏడాది డిసెంబరులో చనిపోయింది, ముప్పై రెండేళ్లకే.

జాలితో డబ్బు వస్తుంది, కాదనను. అమెరికాలో జెర్రీ లూయిస్ అనే హాస్యనటుడు 1966 నుంచి 2010 దాకా కండరాల జబ్బున్న పిల్లల కోసం ఏటా టీవీలో గంటల తరబడి విరాళాలు అడిగాడు. కోట్ల డాలర్లు వచ్చాయి. అయితే చిన్నప్పుడు ఆ విరాళాల పోస్టర్ల మీద కనిపించిన పిల్లల్లో కొందరు పెద్దయ్యాక, 1990ల్లో, ఆ కార్యక్రమం ముందే ధర్నాకు దిగారు. ఏడిపించి డబ్బు తెస్తే, రేపు ఉద్యోగమిచ్చేవాడు కూడా వాళ్లను ఏడుపు కళ్లతోనే చూస్తాడు కదా.

మన శ్రీకాంత్ బొల్లా కథ తీసుకోండి. మచిలీపట్నం దగ్గరి పల్లె, పుట్టుకతోనే చూపు లేదు, అమెరికాలో చదువు, సొంత కంపెనీ. 2024లో సినిమా కూడా వచ్చింది. ఫోన్‌లో తిరిగే వీడియోల్లో వెనక వయొలిన్ మోగుతుంటుంది, పట్టుదల ఉంటే ఏదైనా సాధ్యమని రాస్తారు. పదో తరగతి తర్వాత చూపు లేదని అతన్ని సైన్స్ తీసుకోనివ్వలేదు. కోర్టుకెళ్లి గెలిచాడు. నాకైతే ఆ నిబంధన ముఖం చూడాలనుంది. కోర్టు మెట్లెక్కలేని పిల్లలు ఏ గ్రూపులో చేరారో అడగాలనుంది. ఆ ప్రశ్నకు వయొలిన్ కుదరదు కాబోలు.

2016లో మన దేశంలో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను ఏడు నుంచి ఇరవై ఒకటికి పెంచింది. యాసిడ్ దాడి బాధితులను కూడా చేర్చింది. జనం వాడే పాత భవనాలను వికలాంగులు కూడా వాడుకునేలా మార్చడానికి ఐదేళ్ల గడువు పెట్టింది.

ఒక ఏడాది డిసెంబరు 3న, వికలాంగుల దినోత్సవం రోజున, నన్నొక సన్మాన సభకు పిలిచారు. హాలు మొదటి అంతస్తులో, లిఫ్టు లేదు. రెండు కాళ్లకూ పోలియో ఉన్న మాస్టారిని ఇద్దరు కుర్రాళ్లు ఎత్తుకుని పైకి తెచ్చారు. శాలువా కప్పారు, స్ఫూర్తిప్రదాత అన్నారు, ఫొటో తీశారు. సభ అయ్యేసరికి ఆ కుర్రాళ్లు భోజనాలకు వెళ్లిపోయారు. మాస్టారు మెట్ల దగ్గర కుర్చీలో కూర్చుని శాలువా మడత పెట్టుకుంటున్నారు. నేను పక్కన కూర్చున్నాను. ఆయన నా చెంప గురించి ఏమీ అడగలేదు.

"ఇరవై రెండమ్మా," అన్నారు. "పైకి తెచ్చేటప్పుడు లెక్కపెట్టాను."