తొమ్మిదో తరం ఐప్యాడ్‌ను ఇప్పుడు మార్చాలా?

(దృశ్యం: బల్ల మీద పక్కపక్కన రెండు ఐప్యాడ్‌లు. ఎడమవైపు దానికి అంచులు చిరిగిన నీలిరంగు కవరు ఉంది.)

నమస్కారం. ఎడమవైపు కనిపిస్తున్నది 2021లో విడుదలైన తొమ్మిదో తరం ఐప్యాడ్. మా ఇంట్లో నాలుగేళ్ళుగా వాడుతున్నాం. కుడివైపు ఉన్నది 2025 మార్చిలో వచ్చిన, ఏ16 అనే చిప్ ఉన్న ఐప్యాడ్. దీన్ని ఒక మిత్రుని దగ్గర వారం రోజులకు అడిగి తెచ్చాను. విడుదలనాడు మన దేశంలో మొదటిదాని ధర 30,900 రూపాయలు, రెండోదాని ధర 34,900 రూపాయలు. పాతది చేతిలో ఉన్నవారు కొత్తదానికి మారాలా వద్దా అన్నదే ఈ వీడియోలోని విషయం. మీరు దీన్ని చూసే నాటికి ఇంకో కొత్త మోడల్ దుకాణాల్లోకి వచ్చి ఉండవచ్చు. అయినా లెక్క వేసే పద్ధతి మారదు.

నా అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను. కొత్త మోడల్‌లో ఏమేమి ఉన్నాయో చూసి నిర్ణయించుకోకూడదు; పాతదాని మీద ఏ పని ఆగిపోతున్నదో చూసి నిర్ణయించుకోవాలి. ఆగిపోతున్న పని పేరు చెప్పలేకపోతే డబ్బు జేబులోనే ఉంచుకోవడం మంచిది.

(దృశ్యం: రెండు తెరల మీద ఒకే తెలుగు పుట. కెమెరా అక్షరాలకు బాగా దగ్గరగా వెళుతుంది.)

ముందు కంటికి కనిపించేవి చూద్దాం. పాతదాని తెర 10.2 అంగుళాలు, కొత్తదాని తెర దాదాపు 11 అంగుళాలు. అయితే రెండింటిలోనూ అంగుళానికి 264 పిక్సెళ్ళే (బొమ్మను ఏర్పరిచే చుక్కలే) ఉన్నాయి. అందుకే ‘క్ష్మి’ వంటి చిక్కటి అక్షరాన్ని ఇంత దగ్గరగా చూపించినా ఏది ఏ తెర మీదదో పోల్చుకోలేరు. రెండూ బొమ్మ సెకనుకు 60 సార్లు మారే తెరలే. రెండింటిలోనూ పై అద్దానికీ లోపలి తెరకూ మధ్య సన్నని ఖాళీ ఉంది కాబట్టి, ఆపిల్ పెన్సిల్ అనే డిజిటల్ కలంతో రాసేటప్పుడు గీత అద్దం కింద ఎక్కడో పడుతున్నట్టు అనిపించడం కొత్తదానిలోనూ పోలేదు. చదువుకోవడానికే ట్యాబ్లెట్ వాడేవారికి ఈ మార్పిడి వల్ల కంటికి కలిగే సుఖం చాలా తక్కువ.

ముందు కెమెరా సంగతి మాత్రం వేరు. పాతదానిలో అది పొట్టి అంచు మీద ఉంది. ట్యాబ్లెట్‌ను అడ్డంగా నిలబెట్టి అమెరికాలో ఉన్న మా చెల్లెలితో మాట్లాడేటప్పుడు, అమ్మ తెర మధ్యలోకి చూస్తుంటే అవతలివారికి ఆమె ఎటో పక్కకు చూస్తున్నట్టు కనిపిస్తుంది. కొత్తదానిలో కెమెరాను పొడుగు అంచు మధ్యకు తెచ్చారు. వారంలో నాలుగు రోజులు వీడియో కాల్స్ ఉండే ఇళ్ళలో ఇది చిన్న మార్పేమీ కాదు.

(దృశ్యం: పాత ఐప్యాడ్ తెర. బ్రౌజర్‌లో సగం నింపిన దరఖాస్తు.)

ఇప్పుడు వేగం గురించి. ‘పాతది నెమ్మదించింది’ అనేవారు సాధారణంగా చిప్‌నే నిందిస్తారు. 2021 ఐప్యాడ్‌లోని ఏ13 చిప్ 2019 నాటి ఐఫోన్‌లో మొదట వచ్చింది. 2025 ఐప్యాడ్‌లోని ఏ16 చిప్ 2022 నాటి ఐఫోన్‌లో మొదట వచ్చింది. అంటే ఈ వరుసలో ‘సరికొత్త’ ట్యాబ్లెట్ పుట్టుకతోనే రెండు మూడేళ్ళ నాటి చిప్‌తో వస్తుంది. చదవడానికి, వీడియోలు చూడటానికి, ఉత్తరం రాసుకోవడానికి ఆ రెండు చిప్‌లలో ఏదైనా సరిపోతుంది. తేడా మరో చోట ఉంది. విడదీసి పరీక్షించినవారి లెక్క ప్రకారం పాతదానిలో ర్యామ్, అంటే తెరిచి ఉన్న పనులను పట్టి ఉంచే తాత్కాలిక చోటు, 3 జీబీ, కొత్తదానిలో 6 జీబీ.

ఆ తేడా ఎక్కడ తగులుతుందో చూపిస్తాను. మా అన్నయ్య కూతురు పోటీ పరీక్షలకు చదువుతున్నది. ఆమె చేసే పనినే ఇక్కడ చేస్తున్నాను. బ్రౌజర్‌లో దరఖాస్తు తెరిచి పేరు, పుట్టినతేదీ, చిరునామా నింపాను. ఆధార్ నంబరు కోసం నోట్స్‌లోకి వెళ్ళాను, సంతకం ఫొటో కోసం ఫొటోల్లోకి వెళ్ళాను, మధ్యలో వచ్చిన వాట్సాప్ సందేశం చూశాను. ఇప్పుడు తిరిగి బ్రౌజర్‌కు వస్తున్నాను. చూడండి, పేజీ తెల్లబడి మళ్ళీ మొదటినుంచి లోడ్ అయింది. నింపిన గడులన్నీ ఖాళీ. ర్యామ్ తక్కువ ఉన్న ఏ ట్యాబ్లెట్ అయినా, తెర మీద లేని పేజీని పక్కన పారేసి ఆ చోటును కొత్త పనికి ఇస్తుంది. కుడివైపు దానిలో ఇదే వరుసలో ఇవే పనులు చేసినప్పుడు గడులు నింపినవి నింపినట్టే ఉన్నాయి.

స్కాన్ చేసిన పుస్తకాల విషయంలోనూ ఇదే జరుగుతుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ద్వారా మనకు అందిన పాత తెలుగు పుస్తకాల్లో ప్రతి పుటా ఒక బొమ్మ, అక్షరాల ఫైలు కాదు. నాలుగు వందల పుటల పుస్తకంలో వేగంగా పుటలు తిప్పితే, పాతదానిలో ఒక్క క్షణం మసకగా కనిపించి తరువాత తేటపడుతుంది. అమ్మ దీన్ని అసలు గమనించలేదు. ఆమె ఒక పుటను అయిదు నిమిషాలు చదువుతుంది. ఒకే యంత్రం ఒకే ఇంట్లో ఒకరికి చాలడం, ఒకరికి చాలకపోవడం అంటే ఇదే.

అయితే తప్పును ర్యామ్ మీదికి నెట్టే ముందు స్టోరేజీ చూసుకోవాలి. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో ఐప్యాడ్ స్టోరేజ్ తెరవండి. మాది 64 జీబీ మోడల్. చూసేసరికి మిగిలిన ఖాళీ 2 జీబీ కూడా లేదు. 2025 మే నెలలో ఐప్యాడ్‌కు వాట్సాప్ వచ్చింది. అప్పటినుంచి శుభోదయం బొమ్మలూ పెళ్ళి వీడియోలూ ఫోనులో ఒకసారి, ఇందులో ఒకసారి చోటు తింటున్నాయి. వాటిని తీసేసి, ఎప్పుడో దింపుకుని చూసేసిన సినిమాలను కూడా తొలగిస్తే 20 జీబీ ఖాళీ అయింది. యాప్‌లు తెరుచుకోవడంలో జాప్యం చాలావరకు పోయింది. దరఖాస్తు పేజీ మళ్ళీ లోడ్ కావడం మాత్రం పోలేదు. ఇంతగా వడపోసిన తరువాత మిగిలినదే పాత యంత్రపు అసలు పరిమితి. కొత్తదానిలో కనీస స్టోరేజీ 128 జీబీ అని కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి.

(దృశ్యం: పాత ఐప్యాడ్ మీద వీడియో నడుస్తున్నది. పక్కన గోడ గడియారం.)

బ్యాటరీ సంగతి కొంచెం నిదానంగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే ట్యాబ్లెట్లు మార్చేవారిలో చాలామందిని నిజంగా కదిలించేది ఇదే. ఐప్యాడ్ బ్యాటరీ 1000 పూర్తి ఛార్జింగ్ చక్రాల తరువాత కూడా మొదటి సామర్థ్యంలో 80 శాతం నిలుపుకొనేలా రూపొందించామని ఆపిల్ చెబుతుంది. ఒక చక్రం అంటే ఒకసారి ప్లగ్గు పెట్టడం కాదు. ఈరోజు 60 శాతం, రేపు 40 శాతం వాడితే రెండూ కలిపి ఒక చక్రం. రోజుకు సగం బ్యాటరీ వాడే ఇంట్లో 1000 చక్రాలు పూర్తి కావడానికి అయిదేళ్ళు దాటుతుంది. ఎండాకాలంలో కారులో వదిలేయడం, దిండు మీద పెట్టి ఛార్జింగ్ చేయడం వంటివాటి వల్ల తగిలే వేడి ఈ లెక్కను త్వరగా కిందికి లాగుతుంది.

ఎంత మిగిలిందో చూపే బ్యాటరీ హెల్త్ పేజీ 2024 మేలో వచ్చిన ఎం4 ఐప్యాడ్ ప్రో, ఎం2 ఐప్యాడ్ ఎయిర్‌లతో మొదలైంది. తొమ్మిదో తరం ఐప్యాడ్‌లో అది లేదు. కాబట్టి ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవాలి. వైఫైలో వెబ్ చూసినా, వీడియో చూసినా 10 గంటల వరకు వస్తుందన్నది 2010 నాటి మొదటి ఐప్యాడ్ నుంచి మారని మాట. పూర్తిగా ఛార్జింగ్ చేసి, వెలుతురు సగానికి తగ్గించి, ముందే దింపుకున్న వీడియోను ఆపకుండా నడిపించి, ఎన్ని గంటలకు ఆరిపోతుందో రాసుకోండి. ఎనిమిది గంటలు దాటితే బ్యాటరీ ఆరోగ్యంగా ఉన్నట్టే. అయిదు గంటల లోపే ఆరిపోతే, ముప్పై శాతం దగ్గర ఉన్నట్టుండి నల్లబడితే దాని పని అయిపోయినట్టే. మాది 6 గంటల 40 నిమిషాలు నడిచింది. మా ఇంట్లో రోజు మొత్తం మీద మూడు గంటలకు మించి ఎవరూ దాన్ని వాడరు.

బ్యాటరీ మార్పించుకుంటే సరిపోదా అని అడగవచ్చు. సరిపోతుంది, కానీ ఐప్యాడ్‌లో అది ఫోనులో జరిగినంత సులువుగా జరగదు. అద్దాన్ని జిగురుతో అతికించి ఉంటారు. వేడిచేసి, సన్నని పలక దూర్చి, మెల్లగా విడదీయాలి. మా అన్నయ్య తన పాత ట్యాబ్లెట్‌ను ఒక చిన్న దుకాణంలో బాగు చేయించినప్పుడు బ్యాటరీ కొత్తదైంది కానీ, వేలిముద్ర గుర్తింపు పనిచేయడం మానేసింది. హోమ్ బటన్ కింది సన్నని తీగపట్టీ దెబ్బతిన్నదని తరువాత తెలిసింది. బ్యాంకు యాప్ తెరిచిన ప్రతిసారీ పాస్‌వర్డ్ కొడుతూ ఆయన ఇప్పటికీ ఆ దుకాణాన్ని తలుచుకుంటాడు. అధికారిక సేవాకేంద్రంలో ధర ముందే అడిగి, డేటా బ్యాకప్ చేసుకుని ఇవ్వడం క్షేమం. ఆ ధర కొత్త ట్యాబ్లెట్ ధరలో మూడో వంతు దాటితే నేనైతే ఆలోచనలో పడతాను.

సాఫ్ట్‌వేర్ విషయంలో తొందరేమీ లేదు. 2014 నాటి ఐప్యాడ్ ఎయిర్ 2కు 2021లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 15 (ఐప్యాడ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) కూడా అందింది. 2025 సెప్టెంబరులో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 26, 2019 నాటి ఏడో తరాన్ని వదిలేసింది కానీ ఎనిమిదో తరాన్నీ తొమ్మిదో తరాన్నీ వదలలేదు. ఒకవేళ మీది ఏడో తరం లేదా అంతకంటే పాతది అయితే, బ్యాంకు యాప్‌లు ఒక్కొక్కటిగా ‘మీ పరికరంలో పనిచేయదు’ అనే రోజు దగ్గరపడుతున్నదని అనుకోవాలి.

ఇక కృత్రిమ మేధ. దానికోసమే మారదామనుకునేవారు ఇక్కడ ఆగి వినాలి. ఆపిల్ తన కృత్రిమ మేధకు పెట్టిన పేరు ఆపిల్ ఇంటెలిజెన్స్. దానికి ఏ17 ప్రో గానీ, ఎం1 గానీ, వాటి తరువాతి చిప్ గానీ ఉండాలి. 2025లో వచ్చిన ఈ ఏ16 ఐప్యాడ్‌లో అది లేదు. పోనీ ఇంకా ఖరీదైన ఐప్యాడ్ ఎయిర్ కొందామంటే, 2025 నాటికి ఆపిల్ ఇంటెలిజెన్స్ పలికే భాషల జాబితాలో తెలుగు లేదు.

(దృశ్యం: బల్ల మీద పెన్సిల్, పాత ఛార్జింగ్ తీగ, ఇయర్‌ఫోన్లు, కవరు ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి.)

ధర పట్టీ మీద కనిపించని ఖర్చు ఇది. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు, ట్యాబ్లెట్‌కు వేలు పోసినవారు ఈ వస్తువుల దగ్గరికి వచ్చేసరికి దిగాలు పడతారు. కవరు పట్టదు, ఎందుకంటే కొలతలు మారాయి. పాతదాన్ని ఛార్జింగ్ చేసే లైట్నింగ్ తీగ పట్టదు, ఎందుకంటే కొత్తదానికి ఉన్నది యూఎస్‌బీ-సి. దానివల్ల పెన్‌డ్రైవ్ సూటిగా గుచ్చుకోవచ్చు కానీ, డేటా వేగం మాత్రం ఆ పాత సెకనుకు 480 మెగాబిట్ల యూఎస్‌బీ 2 స్థాయిలోనే ఉంది. ఇయర్‌ఫోన్ల రంధ్రం అసలు లేదు. మొదటి తరం పెన్సిల్ పనిచేస్తుంది కానీ, జత కలపడానికీ ఛార్జింగ్‌కూ విడిగా ఒక అడాప్టర్ కావాలి.

ఎయిర్ వైపు వెళితే ఈ లెక్క ఇంకా పెరుగుతుంది. 2025 నాటి 11 అంగుళాల ఎం3 ఎయిర్ ధర విడుదలనాడు 59,900 రూపాయలు. దాని మీద మొదటి తరం పెన్సిలూ పనిచేయదు, రెండో తరం పెన్సిలూ పనిచేయదు; యూఎస్‌బీ-సి పెన్సిల్ గానీ, 11,900 రూపాయల పెన్సిల్ ప్రో గానీ కొనాలి. దానికి తగిలించుకునే మ్యాజిక్ కీబోర్డు 26,900. అన్నీ కలిపితే 98,700 రూపాయలు. ఆ సొమ్ముకు మంచి ల్యాప్‌టాప్ వస్తుందని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు, అందులో అబద్ధం ఏమీ లేదు. బొమ్మలు వేసి సంపాదించేవారికి, వీడియోలు కూర్చేవారికి మాత్రం ఎయిర్ తెర, దాని వేగం నిజంగా అక్కరకు వస్తాయి. అలాంటివారు కూడా 2024 నాటి ఎం2 ఎయిర్ ఎక్కడైనా తగ్గింపులో దొరికితే ఎం3యే కావాలనుకోనక్కరలేదు.

కొత్తదనం ఎంతకాలం నిలుస్తుందో తెలియాలంటే 2012ను గుర్తు చేసుకోవాలి. ఆ మార్చిలో మూడో తరం ఐప్యాడ్ వచ్చింది. దాన్ని కొన్నవారు కవరు మీది ప్లాస్టిక్ కూడా పూర్తిగా ఊడదీయకముందే, అక్టోబరులో నాలుగో తరాన్ని ప్రకటించారు.

మార్చాలని నిర్ణయించుకున్నవారికి రెండు మాటలు. ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేటప్పుడు ముందు బ్యాకప్ తీసి, పోయిన పరికరాన్ని వెతికిపెట్టే ‘ఫైండ్ మై’ని ఆపి, ఆపిల్ ఖాతా నుంచి బయటికి వచ్చి, ఆ తరువాతే డేటా అంతా తుడిచేయండి. ఖాతా తాళం పడి ఉన్న ట్యాబ్లెట్‌ను ఎవరూ తీసుకోరు. పూర్తిగా పాడైనదాన్ని చెత్తబుట్టలో వేయవద్దు. లోపల ఉన్నది లిథియం బ్యాటరీ. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు ఇలాంటి వస్తువులను రీసైక్లింగ్‌కు చేర్చే బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి.

(దృశ్యం: మళ్ళీ మొదటి బల్ల. గోడ గడియారం తీసేశారు.)

మా ఇంటి లెక్క ఇలా తేలింది. అమ్మ చదువుకు పాతది చాలు. వీడియో కాల్స్‌లో ఆమె పక్కకు చూస్తున్నట్టు కనిపించడం చెల్లెలికి ఎప్పుడో అలవాటైపోయింది. ఆగిపోతున్న పని ఒక్కటే, దరఖాస్తులు నింపడం. అది ఏడాదికి నాలుగైదుసార్లు వచ్చే పని. అన్నయ్య కూతురు వాటిని ఇంట్లోని కంప్యూటర్ మీద నింపుకుంటానంది. కుడివైపు దాన్ని రేపు మిత్రునికి తిరిగి ఇచ్చేస్తున్నాను. ఎడమవైపు దానికి కొత్త కవరు తెప్పించాను. ఈసారీ నీలిరంగుదే కావాలంది అమ్మ.