ఖాళీ బోర్డు వైపు చూపు

అందరూ కుడిచెయ్యి ముందుకు చాచి బొటనవేలి గోరు చూడండి. ఏ క్షణాన్నైనా మీ కంటికి స్పష్టంగా ఆనేది సుమారుగా ఆ గోరంత మేర, రెండు డిగ్రీలు. కంటి వెనక పొర రెటీనాలో ఫోవియా అనే చిన్న గుంట పని అది. మిగతా హాలంతా మసకే. ఆ మసక మనకు తెలియకపోవడానికి ఒక కారణం, చూపు సెకనుకు మూడు నాలుగుసార్లు గెంతుతూ ఉండడం. ఈ గెంతును సకాడ్ అంటారు. గెంతుతున్నంతసేపు కొత్త వివరం దాదాపు ఏదీ అందదు. చూపు ఆగిన పావు సెకనులోనే అందుతుంది.

ఎక్కడ ఆగాలో చెప్పేది మనం పెట్టుకున్న పని. రష్యాలో యార్బస్ అనే శాస్త్రవేత్త చూపు కదలికను నమోదు చేయడానికి కంటిగుడ్డుకు అద్దమున్న చిన్న టోపీ అతికించి, చిత్రకారుడు రేపిన్ గీసిన మనుషుల చిత్రాన్ని మూడేసి నిమిషాలు చూపించాడు. బట్టలు గుర్తుపెట్టుకోమంటే చూపు బట్టల మీదికి పోయింది, వయసు చెప్పమంటే ముఖాల మీదికి. 1965 నాటి ఆయన పుస్తకంలో చూపు నడిచిన ఆ గీతలు ఇప్పటికీ చూడదగ్గవి.

చూపును కట్టేస్తే? 2005లో హెండర్సన్ అనే పరిశోధకుడి బృందం కొందరిని ముఖాల మధ్యలో ఒకేచోట చూపు నిలిపి నేర్చుకోమంది. తర్వాత ఆ ముఖాల్ని గుర్తుపట్టడంలో స్వేచ్ఛగా చూసినవాళ్ల కంటే వాళ్లు బాగా వెనకబడ్డారు. అయితే నేర్చుకున్నప్పటి చూపు బాట, గుర్తుపట్టేటప్పుడు అచ్చంగా మళ్లీ నడవలేదు. గుర్తుపట్టేటప్పుడు చూపు పాత బాటలోనే మళ్లీ నడుస్తుందని 1971లో నోటన్, స్టార్క్ చెప్పిన స్కాన్‌పాత్ సిద్ధాంతానికి ఇది మింగుడుపడని సంగతి.

బాట తిరిగి రాకపోయినా చోటు తిరిగి వస్తుంది. 2014లో స్వీడన్‌లో జొహాన్సన్ అన్న ఒకే ఇంటిపేరున్న ఇద్దరు పరిశోధకులు తెరను నాలుగు గళ్లు చేసి బొమ్మలు చూపి, తర్వాత ఖాళీ తెర పెట్టి ‘కారు ఎడమకి తిరిగి ఉంది, నిజమా?’ వంటి ప్రశ్నలు వేశారు. బొమ్మ ఉండిన గడిలోనే చూపు ఉంచినప్పుడు, వేరే గడిలో ఉంచినప్పటికంటే జవాబులు మెరుగ్గా వచ్చాయి. ‘పైకి చూస్తావేం, అక్కడేమైనా రాసుందా?’ అని పిల్లల్ని గదమాయించే మాస్టార్లు దీన్ని గమనించాలి.

పటం పాఠం చెప్పేవాళ్లకు లెక్క ఒకటి. పన్నెండు పేర్లున్న గుండె బొమ్మలో ఒక్కోదాని మీద ఒక్కసారి చూపు ఆనడానికే నాలుగు సెకన్లు. పేరు చదివి, దాన్ని భాగంతో జతపరచాలంటే దానికి ఎన్నోరెట్లు. మూడు సెకన్లలో స్లైడు మార్చేస్తే పావువంతు పేర్ల మీద చూపు పడనే పడదు. బొమ్మను ప్రతిసారీ బోర్డులో అదే మూల గీయండి. తుడిచాక ప్రశ్న అడిగేటప్పుడు ఆ మూలకు అడ్డంగా మాత్రం నిలబడకండి.