నిండిన బ్యాటరీకి విశ్రాంతి ఉందా?

శ్రోతలందరికీ నమస్కారం.

ల్యాప్‌టాప్ ఉన్న ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వినిపిస్తుంది. "నూరు శాతం అయిపోయింది, ఛార్జర్ తీసెయ్, లేకపోతే బ్యాటరీ పాడైపోతుంది." ఇంకొకరేమో, "ఏం కాదు, అలాగే ఉంచు" అంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. ఆ నిజం ఎంతవరకో ఈరోజు మీతో చెప్పాలని వచ్చాను.

ముందు ఒక భయం తీసేద్దాం. బ్యాటరీ నిండాక కూడా ఛార్జర్ కరెంటును దానిలోకి తోస్తూనే ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. ల్యాప్‌టాప్ లోపల ఛార్జింగ్‌ను అదుపు చేసే సర్క్యూట్ ఒకటి ఉంటుంది. ఈ కాలపు ల్యాప్‌టాప్‌లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీలో ఒక్కో సెల్, అంటే బ్యాటరీ లోపలి ఒక్కో చిన్న భాగం, సాధారణంగా 4.2 వోల్టుల దగ్గర నిండినట్టు లెక్క, కొన్ని రకాల్లో ఇంకాస్త ఎక్కువ. ఆ హద్దు దగ్గరికి వచ్చేకొద్దీ సర్క్యూట్ కరెంటును తగ్గిస్తూ వచ్చి చివరికి ఆపేస్తుంది. చివరి పది శాతం ఎక్కడానికి అంత సేపు పట్టేది అందుకే.

ఆ తర్వాత మీరు చేసే పనికి కావలసిన కరెంటు అడాప్టర్ నుంచే వస్తుంది. బ్యాటరీ పక్కన ఊరికే ఉంటుంది. వాడకపోయినా దానిలోని ఛార్జ్ చాలా నెమ్మదిగా తగ్గుతుంది కదా, తగ్గిన ప్రతిసారీ వెంటనే నింపరు. చాలా మోడళ్లలో అది 95 శాతం దగ్గరికో, ఇంకొంచెం కిందికో దిగాకే మళ్లీ ఛార్జింగ్ మొదలవుతుంది. తెర మీద 97 శాతం ఉండి, పక్కన "ప్లగ్డ్ ఇన్, నాట్ ఛార్జింగ్" అని కనిపిస్తే ఛార్జర్ చెడిపోయిందని టెన్షన్ పడకండి. చాలాసార్లు దానికి కారణం ఇదే.

మరి అలాంటప్పుడు చింతించాల్సింది ఏమీ లేదా? ఉంది. నిండుకుండ తొణకదంటారు. ఈ కుండ తొణకదు నిజమే, కానీ నిండుగా ఉన్నప్పుడే లోపల ఎక్కువ అవస్థ పడుతుంది.

లిథియం బ్యాటరీలో ఒక వైపు గ్రాఫైట్, రెండో వైపు లోహపు ఆక్సైడ్ ఉంటాయి. మధ్యలో ఎలక్ట్రోలైట్ అనే ద్రవం. ఛార్జ్ చేస్తున్నప్పుడు లిథియం అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న లిథియం కణాలు, ఆక్సైడ్‌ను వదిలి, ఆ ద్రవం గుండా వెళ్లి గ్రాఫైట్ పొరల మధ్య చేరతాయి. వాడుతున్నప్పుడు వచ్చిన దారినే తిరిగి వెళతాయి. బ్యాటరీ పూర్తిగా నిండి, వోల్టేజీ పై హద్దులో నిలిచి ఉన్నంతసేపూ ఆ ద్రవం కొద్దికొద్దిగా విరిగిపోతూ ఉంటుంది. గ్రాఫైట్ మీద సన్నని పొర ఒకటి ఉంటుంది, అది మందం పెరుగుతుంది. పొర పెరిగేటప్పుడు కొంత లిథియాన్ని తనలో కలిపేసుకుంటుంది. అందులో చిక్కుకున్న లిథియం ఇక ఛార్జ్ మోయడానికి పనికిరాదు. దీనికి వేడి తోడైతే ఇదంతా ఇంకా వేగంగా జరుగుతుంది.

అంటే బ్యాటరీకి హాని చేసేది ప్లగ్ కాదు. నెలల తరబడి నూరు శాతం దగ్గరే ఉండటం, దానితో పాటు వేడి. రెండూ కలిస్తే మరీ చెడ్డది. దిండు మీదో దుప్పటి మీదో ల్యాప్‌టాప్ పెట్టి, గాలి దారులు మూసుకుపోయిన స్థితిలో, ఛార్జర్ తగిలించి గంటల తరబడి సినిమాలు చూడటం ఎందుకు మంచిది కాదో ఇప్పుడు మీకే తెలుస్తుంది.

మరి రోజంతా ఛార్జర్ తీసి, పెట్టి, తీసి, పెట్టాలా? వద్దు. అది మీకూ శ్రమే, బ్యాటరీకీ అరుగుదలే. నూరు శాతం విలువైన ఛార్జ్ ఖర్చయితే ఒక సైకిల్ అంటారు. ఇవాళ సగం, రేపు సగం వాడినా ఒక సైకిలే. బల్ల మీద పని చేసుకునేటప్పుడు ప్లగ్‌లో ఉంటే ఆ సైకిళ్లు మిగులుతాయి. నా సలహా ఒకటే: ఛార్జింగ్‌కు పై హద్దు పెట్టండి. ఇప్పుడు చాలా ల్యాప్‌టాప్‌ల సెట్టింగుల్లో 80 శాతం దగ్గర ఆపే వీలుంది. కంపెనీని బట్టి దాని పేరు మారుతుంది, బ్యాటరీ సెట్టింగుల్లోనో, కంపెనీ ఇచ్చిన యాప్‌లోనో వెతకండి. ప్రయాణం ఉన్న ముందు రోజు హద్దు తీసేసి నూరు చేసుకోండి, తప్పేమీ లేదు. అప్పుడప్పుడూ నిండితే నష్టం లేదు, నిండుగానే కూర్చోబెట్టడమే నష్టం.

"పూర్తిగా సున్నా చేసి మళ్లీ ఎక్కించాలి" అన్న పాత సలహా నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటిది. 1991లో సోనీ కంపెనీ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్‌లోకి తెచ్చింది, ల్యాప్‌టాప్‌లు క్రమంగా దానికి మారాయి, సలహా మాత్రం మారలేదు. లిథియం బ్యాటరీని తరచూ సున్నాకు దించడం దానికి మంచిది కాదు. శాతం లెక్క తప్పుతోందని, అంటే 30 చూపిస్తూనే ఉన్నట్టుండి ఆగిపోతోందని గమనిస్తే, ఒకసారి బాగా కిందికి దించి పూర్తిగా నింపితే లెక్క సరిపడవచ్చు. అది మీటరు కోసం చేసే పని, బ్యాటరీ బలం కోసం కాదు.

ఇంకో సంగతి. ప్లగ్‌లో ఉన్నా శాతం తగ్గిపోతోందా? 45 వాట్ల అడాప్టర్ పెట్టి, 70 వాట్లు తాగే గేమ్ ఆడితే మిగతాది బ్యాటరీయే ఇవ్వాలి. ఫోన్ ఛార్జర్‌తో ల్యాప్‌టాప్ నడిపినా అంతే. మీ మెషీన్‌కు ఎన్ని వాట్లు కావాలో దానితో వచ్చిన అడాప్టర్ మీదే రాసి ఉంటుంది.

చివరగా, నన్ను బాగా కలవరపెట్టిన విషయం. మా అన్నయ్య ల్యాప్‌టాప్ రెండేళ్ల పాటు బల్ల మీంచి కదలలేదు, ఎప్పుడూ ప్లగ్‌లోనే, ఎప్పుడూ నూరు శాతమే. ఒకరోజు టచ్‌ప్యాడ్ నొక్కితే కదలడం లేదన్నాడు. దుమ్ము చేరిందనుకున్నాం. తిరగేసి చూస్తే అడుగు మూత మధ్యలో ఉబ్బి ఉంది. లోపల బ్యాటరీలో గ్యాస్ చేరి పొంగింది. మీ ఇంట్లో అలాంటిది కనిపిస్తే వెంటనే ప్లగ్ తీసి, ఆఫ్ చేయండి. మళ్లీ ఛార్జింగ్ పెట్టకండి. నొక్కి సర్దాలని చూడకండి, సూదితో గుచ్చకండి, మంట అంటుకునే ప్రమాదం ఉంది. సర్వీస్ వాళ్లకు చూపించి మార్పించండి, తీసిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయకుండా ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. ఈ రాత్రి ల్యాప్‌టాప్ మూసే ముందు ఒక్కసారి దాన్ని తిరగేసి, అడుగు చదునుగా ఉందో లేదో చూడండి.

సెలవు, నమస్కారం.