పాలలోకి దిగే నట్టల మందు

శ్రోతలందరికీ నమస్కారం.

వానలు పడి పచ్చిక మొలిచిందంటే పశువులకు నట్టల బెడద మొదలైనట్టే. నీళ్లు నిలిచే చోట మేసిన ఆవుకు నత్తల ద్వారా కార్జపు జలగ పడుతుంది. చెవుల్లో, పొదుగు పక్కన పిడుదులు పట్టుకుంటాయి. జెర్సీ, హోల్‌స్టీన్ సంకర ఆవులకైతే ఆ పిడుదుల నుంచే థైలీరియా జ్వరం వస్తుంది. ఆలస్యమైతే ఆవే దక్కదు. కాబట్టి మందు వేయాల్సిందే. ఏ మందు వేశాం, ఎప్పుడు వేశాం, ఆ తర్వాత ఎన్నాళ్లు ఆ పాలు అమ్మకూడదు? నా బాధంతా ఈ మూడు ప్రశ్నల గురించే.

ఐవర్‌మెక్టిన్ అనే నట్టల మందు సంగతే చూడండి. జపాన్ మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి దీనికి మూలం. 1981లో పశువుల మందుగా వచ్చింది. దీని వెనకున్న శాస్త్రవేత్తలు సతోషి ఒమురా, విలియం క్యాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ బహుమతి ఇచ్చారు. కడుపులోని నట్టలకూ, ఒంటి మీది పరాన్నజీవులకూ ఒకే సూది పనిచేస్తుంది. గొప్ప మందే. కానీ అది కొవ్వులో కరుగుతుంది. ఆవు ఒంట్లోని కొవ్వులో చేరి, అక్కడి నుంచి కొద్దికొద్దిగా పాలలోకి దిగుతుంది. సూది వేశాక వారాల తరబడి పాలలో ఆనవాళ్లు ఉండవచ్చు. అందుకే అమెరికాలో ఎదకు వచ్చే వయసున్న పాడి ఆవులకు ఆ ఇంజక్షన్ వాడకూడదని మందు లేబుల్ మీదే ఉంటుంది.

ఆవుపాలలో ఐవర్‌మెక్టిన్ కిలోకు 10 మైక్రోగ్రాములు మించకూడదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ హద్దు పెట్టింది. అదెంత చిన్న మోతాదో ఒక లెక్క చెబుతాను. 400 కిలోల ఆవుకు వేసే మందు 80 మిల్లీగ్రాములు. దాన్నంతా పాలలో కలిపి ఆ హద్దుకు పలచన చేయాలంటే 8,000 కిలోల పాలు కావాలి. మందులో ఎక్కువ భాగం పేడలోనే పోతుంది, పాలలోకి వచ్చేది కొంతే. ఆ కొంతకైనా ఇంత చిన్న హద్దు ఉంది.

"మేం పాలు బాగా కాచే తాగుతాం కదా" అని చాలామంది తల్లులు అంటారు. కాచితే క్రిములు చస్తాయి, ఈ మందు కూడా పోతుందని నమ్ముకోలేం. 65 డిగ్రీల దగ్గర అరగంట వేడి చేసినా, 75 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచినా ఐవర్‌మెక్టిన్ తగ్గలేదని పరిశోధకులు చూశారు. పైగా వెన్న ఎక్కడుంటే మందూ అక్కడే ఉంటుంది. వెన్న తీసిన పాలలో తక్కువ, మీగడలో, వెన్నలో, జున్నుగడ్డలాంటి చీజ్‌లో ఎక్కువ.

ఇది విని పాలు మానేయకండి, అంత భయం అక్కర్లేదు. ఇదే ఐవర్‌మెక్టిన్‌ను బోదకాలు నివారణకు మనుషులకూ ఇస్తున్నారు. బడిపిల్లలు నమిలే ఆల్బెండజోల్ కూడా పశువుల నట్టల మందే. కానీ అక్కడ ఎవరికి, ఎంత, ఎప్పుడు అన్నది లెక్క ప్రకారం జరుగుతుంది. గర్భిణికి తొలి నెలల్లో ఆల్బెండజోల్ ఇవ్వరు. పాలగ్లాసులో వచ్చే మందుకు ఆ లెక్క ఎవరు చూస్తున్నారు?

పాల కేంద్రంలో చూసేది వెన్న శాతం, చిక్కదనం. లాక్టోమీటరుకు ఈ మందు అందదు, పెద్ద ప్రయోగశాల కావాలి. కాబట్టి జాగ్రత్త పశువు దగ్గరే మొదలవ్వాలి. వట్టిపోయిన కాలంలో నట్టల మందు వేయించుకోవడం మేలు. అప్పుడైనా ఈనే లోగా మందు ప్రభావం పోయేంత గడువుందో లేదో చూడాలి. పాలిచ్చే ఆవుకైతే షాపువాడి మాట మీద కాకుండా పశువైద్యుణ్ణి అడిగి వేయించాలి. ఎప్రినోమెక్టిన్ లాంటి మందు పాలలోకి చాలా తక్కువగా వస్తుంది. డబ్బా మీద పాలు ఎన్ని రోజులు వాడకూడదో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. చదవడం రాకపోతే చదివించుకోండి. సూది వేసిన తేదీని గోడ మీద బొగ్గుతోనైనా రాసి పెట్టుకోండి.

ఒక మాట డెయిరీల వాళ్లకూ చెప్పాలి. రోజుకు నాలుగు లీటర్లు పోసే అక్కను వారం రోజులు పాలు ఆపమంటే ఆ ఇంట్లో సరుకులు ఎలా వస్తాయి? ఆ నష్టమంతా ఆమె నెత్తిన వేసి, మందు సంగతి నిజం చెప్పమంటే ఎలా చెబుతుంది? మందు వేశామని ముందే చెప్పిన రైతుకు, పాలు ఆపిన రోజులకు ఎంతో కొంత కట్టివ్వండి. ఆ పాలను వేరుగా తీసి పెట్టే ఏర్పాటు కేంద్రంలోనే చేయండి.

నమస్కారం.