విమానం రెక్క నుంచి రక్తనాళం దాకా

[తెర మీద: గాలికి ఊగుతున్న విమానం రెక్క]

వేగం పెరిగేకొద్దీ విమానం రెక్క గాలికి వంగుతుంది. ఒక హద్దు దాటితే ఊగి ఊగి విరిగిపోతుంది కూడా. ప్రొఫెసర్ యువాన్ చెంగ్ ఫంగ్‌కు మొదట పేరొచ్చింది ఈ లెక్కల్లోనే. 1919లో చైనాలో పుట్టారు. 1948లో అమెరికాలోని సాంకేతిక విశ్వవిద్యాలయం కాల్‌టెక్‌లో పీహెచ్‌డీ చేసి, అక్కడే పాఠాలు చెప్పారు.

1957లో ఆయన జర్మనీలోని గాటింగెన్‌కి పరిశోధన సెలవు మీద వెళ్లారు. అప్పుడు చైనాలో ఉన్న వాళ్లమ్మకి గ్లకోమా, కంటిలో ఒత్తిడి పెరిగి చూపు పోయే జబ్బు. దాని మీద వచ్చిన పరిశోధనలన్నీ చదివి, సారాంశం రాసి, ఆమె డాక్టరుకి పంపేవారు. అలా శరీరశాస్త్రం ఆయన్ని పట్టేసుకుంది. 1966లో కాల్‌టెక్ వదిలేసి, శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి వెళ్లి, సహచరులతో కలిసి అక్కడ బయోఇంజినీరింగ్, అంటే శరీరాన్ని ఇంజినీరింగ్ లెక్కలతో చదివే రంగం, మొదలుపెట్టారు. పేరు తెచ్చిన రంగాన్ని నలభై దాటాక వదులుకోవడానికి ఎంత తెగువ కావాలో చూడండి!

[తెర మీద: రక్తనాళం నుంచి కోసిన సన్నని ఉంగరం]

ఇక్కడ కాస్త ఆగి చూద్దాం. ధమని నుంచి ఒక ఉంగరం కోశాం. లోపల రక్తం లేదు, రక్తపోటు లేదు. ఇప్పుడు ఆ ఉంగరాన్ని ఒకచోట కత్తిరించండి. టక్కున విచ్చుకుంటుంది, సున్నా కాస్తా అరసున్నా అవుతుంది!

అంటే ఖాళీగా ఉన్నప్పుడు కూడా గోడలో బిగువు దాగి ఉందన్నమాట. లోపలి పొర నొక్కుకుని, బయటి పొర సాగి ఉంటుంది. రక్తపోటు లోపలి నుంచి నొక్కగానే ఎక్కువగా సాగాల్సింది లోపలి పొరే. కానీ అది ముందే నొక్కుకుని ఉంది కాబట్టి, భారం గోడంతా దాదాపు సమంగా పంచుకుంటుంది. విమానాల ఇంజినీరు కన్ను ఇక్కడే పనికొచ్చింది. ఏ పదార్థాన్నైనా లెక్కగట్టాలంటే, దాని మీద ఏ బిగువూ లేని స్థితి ఏదో ముందు తెలియాలి. 1980ల్లో ఫంగ్, మరికొందరు పరిశోధకులు ఆ స్థితిని ఇలా కత్తెరతో పట్టుకున్నారు.

పాఠం చెప్పడానికి కూడా ఈ కొత్త రంగంలో సరైన పుస్తకాలు లేవు. ఆయనే రాశారు: 1981లో కణజాలాల గుణాల మీద, 1984లో రక్తప్రసరణ మీద, 1990లో కదలిక, పెరుగుదల మీద. 2000లో అమెరికా జాతీయ విజ్ఞాన పతకం వచ్చింది.

[తెర మీద: రెండు ఉంగరాలు, వేర్వేరు కోణాల్లో విచ్చుకుని]

ఇంకో సంగతి. ఎలుకల్లో రక్తపోటు పెంచి చూస్తే, కొద్ది రోజుల్లోనే ఈ ఉంగరం విచ్చుకునే కోణం మారిపోయింది. పోటు పెరిగితే నాళం ఊరికే భరించదు, తన గోడను తానే తిరిగి కట్టుకుంటుంది.