అక్షింతల పురుగు పిల్లను గుర్తుపడదాం

(అనంతపురం జిల్లా రాయదుర్గం దగ్గరి ఒక పల్లెలో రైతుల ముందు చేసిన ప్రసంగం)

అన్నలకు, అక్కలకు, వెనక నిలబడ్డ పిల్లలకు నమస్కారం.

నా చేతిలో ఉన్నది జిల్లేడు కొమ్మ. పొద్దున వస్తూ గట్టు మీద తుంచుకొచ్చాను. లేత చివర పసుప్పచ్చగా అంటుకున్నది పేనుబంక, మొక్క రసం పీల్చే చిన్న పురుగుల గుంపు. దాని మధ్యలో నల్లగా, ఒంటినిండా చిన్న ముళ్లతో, వీపున తెల్ల మచ్చలతో ఒకటి పాకుతోంది. ముందు వరుసలోవాళ్లు దగ్గరికి రండి. బియ్యపు గింజంత ఉంటుంది, నడక మాత్రం తొండపిల్లదే. ఇందాక ఒకాయనకు చూపిస్తే "పురుగే కదా సార్, మందు కొట్టాల్సిందే" అన్నాడు. ఇది ఆ పేనుబంకను తినే అక్షింతల పురుగు పిల్ల.

తల్లి పురుగును మీరంతా ఎరుగుదురు. కందిబద్ద బోర్లించినట్టుంటుంది, పసుపు కలిసిన నారింజ రంగు, పైన నల్లటి వంకర గీతలు. శాస్త్రంలో దీని పేరు చీలోమెనిస్ సెక్స్‌మాక్యులేటా. పేనుబంక ఉన్నచోటే ఆకు అడుగున పసుప్పచ్చ గుడ్లను నిలువుగా, గుంపుగా పెడుతుంది. మూడు నాలుగు రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. మూడుసార్లు కుబుసం విడుస్తూ పెరుగుతాయి. ఆ రోజులన్నీ వాటికి తిండే పని. తర్వాత పిల్ల తోకవైపు ఆకుకు అతుక్కుని, ప్యూపాగా మారి కదలకుండా ఉండిపోతుంది. చచ్చిందనుకుని గోటితో గీకేస్తాం. మెల్లగా ముట్టుకుని చూడండి, చటుక్కున పైకి లేస్తుంది. అందులోంచి వచ్చిన కొత్త పురుగు మొదట లేత పసుపు రంగులో, మెత్తగా ఉంటుంది. నల్ల గీతలు తేలడానికి కొన్ని గంటలు పడుతుంది. గుడ్డు నుంచి ఇదంతా రెండు మూడు వారాల్లో అయిపోతుంది.

ఒక ఏడాది ఆగస్టులో వాన ముఖం చాటేసింది. మా శనక్కాయ చేలో నల్ల పేనుబంక పట్టింది. మొక్కకు రెండు మూడు ఈ నల్లపిల్లలు కూడా ఉన్నాయి. అవీ తెగులే అనుకుని టెన్షన్‌తో మందు కొట్టేశాను. పది రోజులకు పేనుబంక మళ్లీ వచ్చింది, తినేవి మాత్రం రాలేదు. పేనుబంకకు మగతో పని లేదు, ఆడది నేరుగా పిల్లలనే కంటుంది. వారంలో ఆ పిల్లలూ కంటాయి. అక్షింతల పురుగు అంత వేగంగా తిరిగి రాలేదు. ఆ చేను తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

బత్తాయి తోటలున్నవాళ్లకు ఇంకో మాట. తెల్లటి పిండిలా పట్టి రసం పీల్చే పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగును 1898లోనే ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చారు. దాని పిల్ల ఒంటినిండా తెల్లటి మైనం పోగులతో అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది. చురుగ్గా నడుస్తుంటే అది మనదే.

అన్నీ మనవి కావు. వంగ ఆకును జల్లెడలా గీకి తినేదాన్ని కూడా అక్షింతల పురుగనే అంటాం. దాని వీపు నున్నగా మెరవదు, సన్నటి నూగుతో మసకగా ఉంటుంది, చుక్కలు ఇరవై ఎనిమిది దాకా ఉంటాయి. పిల్ల పసుపు రంగు.

చేలో పంట లేని రోజుల్లో మన పురుగులు గట్టు మీది జిల్లేడు మీద, అలసంద మీద బతుకుతాయి. జొన్న పుప్పొడీ తింటాయి. అందుకే గట్లను పూర్తిగా చెక్కేయకండి. మందు తెచ్చేముందు పది మొక్కల ఆకులు తిప్పి చూడండి.

ఇప్పుడు ఈ కొమ్మను చేతులు మారుస్తూ వెనకదాకా పంపండి. ఆకు అడుగున తల్లి పురుగు కూడా ఉంది. దాన్ని పట్టుకుంటే కాళ్ల కీళ్ల నుంచి పసుప్పచ్చని చేదు ద్రవం వదులుతుంది. భయపడకండి, చేయి కడుక్కుంటే చాలు.